చిక్కుడు పందిరి పక్క గేటు

ఎలియాజరు మీద జ్ఞానవతికి ఉన్న ఫిర్యాదులు రాయాలంటే రెండొందల పేజీల నోటుపుస్తకం చాలదు. అయితే వాటన్నిటికీ తల్లిలాంటి ఫిర్యాదు ఒకటుంది. ఆయనకు అబద్ధమాడటం రాదు.

అబద్ధం రాని మొగుడితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. కూర ఎలా ఉందని అడిగితే ఎలా ఉందో చెప్తాడు. పాస్టరు గారు ప్రసంగం ఎలా ఉంది బ్రదర్ అంటే, "ఇరవై నిమిషాలు ఎక్కువైందండీ" అంటాడు. ఎవరింటికో పుట్టినరోజు భోజనానికి వెళ్లబుద్ధి కాక జ్ఞానవతి ఫోన్లో జ్వరం తెచ్చుకుంటే, వెనకనుంచి "ఎవరికి జ్వరం?" అంటూ కంగారుగా వచ్చి నిలబడతాడు. నేర్పాలని ముప్ఫై ఏళ్లు చూసింది. కొందరికి ఈత రాదు, కొందరికి పాట రాదు, ఈయనకు ఇది రాదు అని వదిలేసింది.

అలాంటి మనిషి వారం రోజులుగా నోరు మెదపడం లేదు.

అబద్ధాలాడేవాడు ఊరుకుంటే అలిసిపోయాడనుకోవచ్చు. అబద్ధం రానివాడు ఊరుకున్నాడంటే లోపల ఏదో దాస్తున్నాడనే అర్థం. అది తప్ప ఆయనకు ఇంకో దారి లేదు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, కెనడాలో, గ్వెల్ఫ్‌లోని తమ టౌన్‌హౌస్ వంటగదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ జ్ఞానవతి ఆలోచిస్తున్నది ఇదే. పన్నెండింటికి భీమారావు వస్తున్నాడు. కూతురు ఏనీ చదివే ఫ్లయింగ్ స్కూల్లో సేఫ్టీ వ్యవహారాలు చూసేది ఆయనే. "పది నిమిషాలు మాట్లాడి పోత చెల్లెమ్మా" అని ఫోన్ చేశాడు. పన్నెండింటికి గుమ్మంలోకి వచ్చిన మనిషిని టీ నీళ్లతో పంపే వంశం కాదు తనది. పైగా నోట్లో ముద్ద ఉన్నవాడు ప్రశ్నలు తక్కువ అడుగుతాడని ఆమె అనుభవం.

ఏనీ మెట్లు దిగి వచ్చింది. కుడి మణికట్టుకు ఇంకా కట్టు ఉంది.

"అమ్మా, ఫీస్ట్ చేస్తున్నావా?"

"అన్నం, పప్పు, ఒక కూర. దాన్ని ఫీస్ట్ అంటే మీ అమ్మమ్మ నవ్వుతుంది."

"అంకుల్ సోమవారం రిపోర్ట్ సబ్మిట్ చేస్తారు. గురువారం నా ఫ్లైట్ టెస్ట్. పైలట్ తప్పు అని పడితే స్కూల్ నన్ను రికమెండ్ చెయ్యదు. నీకు అర్థమవుతోందా?"

"అర్థం కాకపోతే కూర ఎందుకు వండుతున్నాను?"

"ఇట్స్ నాట్ ఫన్నీ, అమ్మా."

నవ్వులాట కాదని జ్ఞానవతికీ తెలుసు. గత శనివారం సాయంత్రం, కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊరి నుంచి ఒక్కతే తిరిగివస్తూ ఏనీ చిన్న విమానాన్ని దింపింది. చక్రాలు నేలకు తగిలి నాలుగు క్షణాలు కాలేదు, రన్‌వే మీదికి జింక దూకింది. ప్రొపెల్లర్ వంగింది, ముందు చక్రం విరిగింది, విమానం గడ్డిలోకి జారి ముక్కు నేలకానించి ఆగింది. జింక అక్కడికక్కడే పోయింది. పిల్లకు మణికట్టు బెణికింది. అంతటితో కాపాడాడని చర్చిలో అందరూ దేవుడికి స్తోత్రాలు చెప్పారు. భీమారావు మాత్రం నోట్‌బుక్ తీశాడు.

పొలాల మధ్య ఉన్న ఆ చిన్న ఏరోడ్రోముకు టవరు లేదు. పొద్దు వాలే వేళ జింకలు తిరుగుతాయి గనుక, దిగేముందు రన్‌వే మీద ఒకసారి కిందుగా ఎగిరి, ఏమీ లేదని కళ్లారా చూసుకుని, చుట్టు తిరిగి వచ్చి దిగాలని స్కూలు నియమం. ఏనీ ఆ చుట్టు తిరగలేదు.

"ఒక్క రౌండ్ వేసి ఉంటే ఏం పోయేదే?" అంది జ్ఞానవతి. వారంలో ఇది పదోసారి అనడం.

"రన్‌వే క్లియర్ అని రేడియోలో చెప్పింది నాన్న." ఏనీ కుర్చీలో కూర్చుని కట్టు అంచును గోటితో గీరింది. "ఇంకెవరు చెప్పినా ఒక రౌండ్ వేసేదాన్ని. చెప్పింది నాన్న."

జ్ఞానవతి చేతిలోని చిక్కుడుకాయ రెండు ముక్కలు కావలసింది నాలుగు ముక్కలైంది.

అదీ చిక్కు. ఆ ఏరోడ్రోములో గడ్డి కోసేది, మంచు తోసేది, కెనడా బాతుల్ని తోలేది ఎలియాజరే. రోజుకు మూడుసార్లు ట్రక్కులో రన్‌వే చుట్టూ, కంచె వెంబడీ తిరిగి, జంతువు ఏదీ లేదని చూసి పుస్తకంలో సంతకం పెడతాడు. వ్యవసాయంలో డిగ్రీ చదివిన మనిషి బాతుల్ని తోలుతున్నాడని మొదట్లో జ్ఞానవతి చిన్నబుచ్చుకుంది. ఏ బాతుల గుంపు ఏ గాలికి ఎటు లేస్తుందో ఆయన చెప్తుంటే పైలట్లు నిలబడి వినడం చూశాక, చిన్నబుచ్చుకోవడం మానేసింది.

గ్యారేజీ తలుపు తీసుకుని ఎలియాజరు లోపలికి వచ్చాడు. కూతుర్ని చూసి ఆగాడు. మళ్లీ వెనక్కి పోదామా అన్నట్టు ఒక కాలు అక్కడే ఉంచాడు.

"నాన్నా, అంకుల్ రాకముందే అడుగుతున్నాను. ఆ రోజు ఐదూ నలభైకి నిజంగా రౌండ్ వేశావా?"

"వేశానమ్మా."

"ట్రక్కులో కూర్చుని ఫోన్లో ప్రసంగం వింటూ సైన్ చేసెయ్యలేదు కదా?"

"లేదు."

"ఫెన్స్ మొత్తం చూశావా?"

"మొత్తం."

"గేట్లు?"

ఎలియాజరు గ్లాసులో నీళ్లు పట్టుకుని తాగాడు. గ్లాసుడు నీళ్లు తాగడానికి అంతసేపు పట్టదు.

"నేను చూసినప్పుడు వేసే ఉన్నాయి."

"నువ్వు చూసినప్పుడు అంటే?"

గ్లాసు కడిగి బోర్లించాడు. అప్పుడు ఆయన చూపు భార్య ముందున్న పళ్లెం మీద పడింది.

"అవి వండద్దన్నాను కదా జ్ఞానా."

"వేలంలో పోటీపడి కొనుక్కొచ్చినవాళ్లు, మీకే వద్దా?"

ఆయన వచ్చిన దారినే గ్యారేజీలోకి పోయాడు. ఏనీ తండ్రి వెనక మూసుకున్న తలుపు వంక చూసింది.

"సీ? గిల్టీగా లేకపోతే అలా వెళ్లిపోతారా ఎవరైనా?"

తేలు కుట్టిన దొంగ అని జ్ఞానవతి నాలుక చివరిదాకా వచ్చింది. మొగుణ్ని కూతురి ముందు దొంగ అనడం బాగుండదని మింగేసింది. మింగినంత మాత్రాన అనుమానం పోతుందా?

ఎందుకంటే ఆమె దగ్గర ఇంకా కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి, ఏనీ పట్టించుకోనివి.

మొదటిది, మొన్న ఆదివారం. ఆ రోజు చర్చిలో కోత పండుగ. ఎవరి తోటలో పండింది వాళ్లు తెచ్చి కానుక పెట్టడం, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేయడం ఆనవాయితీ. కెనడా వచ్చినా ఆ సరదా మానలేదు. ఇక్కడివాళ్ల చర్చి హాలు అద్దెకు తీసుకుని, గుమ్మడికాయలు, టొమాటోలు, పుదీనా కట్టలు వరసగా పేరుస్తారు. మూడేళ్లుగా ఆ వరసలో పెద్దపీట జ్ఞానవతి చిక్కుడుకాయలదే. ఆ పండుగ రోజున, పెళ్లాం పిల్లలతో బయల్దేరాల్సిన మనిషి పొద్దున ఏడింటికే ఎటో పోయి, రెండో కీర్తన పాడుతుండగా ప్యాంటు అంచులకు బురదతో వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

రెండోది, ఆ వేలం. జన్మలో చెయ్యెత్తని ఎలియాజరు, తన పెళ్లాం చిక్కుడుకాయలకే చెయ్యెత్తాడు. ఒకసారి కాదు. అవతల టీనా వాళ్లత్తగారు పట్టుదలగా పాట పెంచుతుంటే ఈయన చెయ్యి దించలేదు. వేలం వేస్తున్న క్రిస్టో నవ్వాగక సుత్తి కింద పెట్టేశాడు. "అన్నకు అక్క మీద ఎంత ప్రేమో" అని హాలంతా చప్పట్లు కొట్టింది. జ్ఞానవతి ఒక్కతే నవ్వలేదు. ముప్ఫై ఏళ్లుగా కొలతపెట్టి చూసిన ప్రేమ, ఒక్క ఆదివారంలో అంత పెరగదు.

మూడోది, ఆ కాయల్ని తెచ్చి ఫ్రిజ్‌లో అట్టడుగున, పెరుగు డబ్బాల వెనక పెట్టి, వండద్దనడం.

ఆయన ట్రక్కులో నిద్రపోయాడేమో అనుకుంది. బాపట్లలో ఉన్న తమ్ముడితో ఫోన్లో పడి రౌండ్ మరిచాడేమో అనుకుంది. జ్ఞానవతి అనుమానానికి పక్షపాతం లేదు గనుక, ఏనీని కూడా వదల్లేదు. దిగేటప్పుడు పిల్ల దృష్టి ఎక్కడుందో ఎవరు చూశారు? ఇంట్లో ముగ్గురుంటే ఇద్దర్ని అనుమానించింది. దాంతో లెక్క సరిపోయిందనుకుంది.

కూర పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, గ్యారేజీ దారిలో కొక్కేనికి వేలాడుతున్న ఆయన పని జాకెట్టు తీసింది. ఉతకడానికి. ఉతికేముందు జేబులు చూడటం గృహిణి ధర్మం. ఆ ధర్మాన్ని ఆమె ఎన్నడూ తప్పలేదు.

కుడి జేబులో పెన్సిలు ముక్క, చెవుల్లో పెట్టుకునే బిరడాలు, దగ్గు బిళ్లలు. ఇనుప సామాన్ల కొట్టు బిల్లు ఒకటి. ఆదివారం, ఉదయం ఏడూ యాభై. గొలుసు ఒకటి, తాళం ఒకటి.

పండుగ పూట గొలుసూ తాళం కొన్నాడు.

ఎడమ జేబులో ప్లాస్టిక్ కవరు. నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పితే, ఆకుపచ్చ గళ్ల మంగళగిరి చీర పేలిక.

ఆ చీర ఎవరిదో జ్ఞానవతి ఎవర్నీ అడగనక్కర్లేదు. పాతబడ్డాక తానే నిలువునా చించి, చిక్కుడు తీగల్ని పందిరికి కట్టడానికి వాడింది.

ఆమె చిక్కుడు పందిరి ఏరోడ్రోము కంచె బయట, ఖాళీ నేలలో ఉంది. టౌన్‌హౌస్ వెనక చాప పరిచేంత చోటే ఉందని, మేనేజరును అడిగి ఎలియాజరు ఇప్పించిన నేల అది. నీళ్ల పంపు మాత్రం కంచె లోపల. మధ్యలో ఒక గేటు, పడమటి వైపుది. ఆ గేటుకున్న ఇనుప కొక్కెం రెండు చేతులా ఎత్తి లాగితే తప్ప పడదు. ప్రతిసారీ కొక్కెం వేయాలని ఎలియాజరు పదిసార్లు చెప్పాడు.

గత శనివారం ఐదూ ముప్పావుకు ఆమె అక్కడే ఉంది. మర్నాడు పండుగ. కాయలు కోసింది, లోపలికి పోయి పంపు కింద కడిగింది, బయటికి వచ్చింది. ఒక చేతిలో కాయల సంచి, ఒక చేతిలో నీళ్ల బకెట్. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. బకెట్ దించి, సంచి మోచేతికి తగిలించుకుని, నడుముకు చుట్టుకున్న పేలిక తీసి, గేటును స్తంభానికి బిగించి ఒక ముడి వేసింది. పుట్టింట్లో మేకల దొడ్డి తడికకు చిన్నప్పటి నుంచీ వేసిన ముడే. ఆ ముడి విప్పుకుని పోయిన మేక ఇంతవరకూ లేదు.

ఈ వారంలో ఆ గేటు ఆమెకు గుర్తు రాలేదని కాదు. వచ్చింది. వచ్చినప్పుడల్లా, ముడి వేశాను కదా అని చెప్పి పంపేసింది.

పేలికను వెలుగులోకి పట్టి చూసింది. ముడి ముడిలాగే ఉంది. దాని పక్కన గుడ్డ చిరిగింది. చిరిగిన పోగుల్లో గోధుమరంగు వెంట్రుకలు నాలుగైదు ఇరుక్కుని ఉన్నాయి.

జ్ఞానవతికి మొదట వచ్చింది బాధ కాదు, కోపం. వారం రోజులు ఈ మనిషి నా మీద సాక్ష్యం జేబులో పెట్టుకుని తిరిగాడన్నమాట.

ఎలియాజరు గ్యారేజీలో, మంచు పార పిడికి ఊడిన మేకు కోసం వెతుకుతున్నాడు. ఆమె కవరు ఆయన ముఖం ముందు పట్టింది.

"ఇది మీ జేబులో ఎందుకుంది?"

ఆయన కవరు చూశాడు. ఆమెను చూశాడు. సుత్తి కింద పెట్టాడు.

"పారేయబుద్ధి కాలేదు."

"ఎందుకు? కోర్టులో చూపిద్దామనా?"

"మెల్లగా మాట్లాడు. పిల్ల వింటుంది."

"ఎప్పుడు దొరికింది?"

"ఆ సాయంత్రమే. ఏనీని అంబులెన్స్ ఎక్కించాక కంచె వెంట నడిచాను. గేటు బార్లా తెరిచి ఉంది. ఇది స్తంభానికి వేలాడుతోంది."

"నాకంటే ముందు ఎవరైనా తెరిచి ఉండొచ్చుగా."

"ఐదూ నలభైకి కొక్కెం వేసి ఉంది. చేత్తో లాగి చూశాను."

"జింకలు ఎనిమిది అడుగులు ఎగురుతాయని మీరే అన్నారు. కంచె దూకి ఉంటుంది."

"దూకగలదు. ఇది దూకలేదు." ఆయన గొంతులో నింద లేదు. బాతుల గురించి చెప్పేటప్పటి గొంతే. "పందిరికి అవతలి పక్కన మేస్తోంది. నీ కారు స్టార్టయింది. బెదిరి గేటు మీద పడింది. తడి నేల మీద గిట్టల గుర్తులన్నీ ఉన్నాయి."

"నా కారే అని గిట్టలు చెప్పాయా?"

"టైర్ల గుర్తులు కూడా ఉన్నాయి జ్ఞానా."

వంటగదిలో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయో జ్ఞానవతికి అర్థం కాలేదు. ఆమె అక్కడున్న రంగు డబ్బా మీద కూర్చుంది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు? పిల్ల మిమ్మల్ని దొంగను చూసినట్టు చూస్తుంటే ఎందుకు ఊరుకున్నారు?"

"నీకు తెలిసి ఊరుకున్నావో, తెలియక ఊరుకున్నావో నాకు తెలియలేదు. తెలియకపోతే చెప్పి ఏడిపించడం ఎందుకు?"

"తెలిసి ఊరుకుంటే?"

ఎలియాజరు సుత్తిని మళ్లీ తీసి దాని తలను బొటనవేలితో తుడిచాడు. ఈసారి ఆ మౌనంలో ఏముందో ఆమె అనుమానించక్కర్లేకపోయింది. అదే ఎక్కువ బాధగా ఉంది.

"కాయలెందుకు కొన్నారు?" అంది.

"ఇంకొకళ్లు పట్టుకుపోయి, వండుకు తిని, నీ చేతి చలవే చలవ అని వచ్చే ఆదివారం మెచ్చుకుంటే వినలేననిపించింది."

"భీమారావు గారు అడిగితే ఏం చెప్తారు?"

"నేను చూసింది చెప్తాను. ఆ తర్వాతి సంగతి ఆయన అడక్కుండా ఉండాలని ప్రార్థన చేస్తున్నాను."

"అడక్కపోతే ఏం రాస్తారు?"

"ఏనీ చుట్టు తిరగలేదని రాస్తారు. లేకపోతే నేను సరిగా చూడలేదని రాస్తారు. నేను చూడలేదని రాస్తేనే మేలు. గుద్దినదాని భారం పిల్ల మీద తగ్గుతుంది. నాకు ఇంకో పని దొరుకుతుంది."

జ్ఞానవతి పేలికను మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"గురువారం టెస్టు అయిపోనివ్వండి. ఆ తర్వాత నేనే మేనేజరు దగ్గరికి వెళ్లి..."

గుమ్మంలో బెల్లు మోగింది. ఆ వాక్యం పూర్తయితే ఎలా ఉండేదో ఇద్దరికీ తెలియలేదు.

కవరు నడుము దగ్గర దోపుకుని ఆమె లోపలికి వచ్చేసరికి ఏనీ భోజనాల బల్ల సర్దేసింది. అన్నం, పప్పు, పెరుగు, వాటి మధ్య చిక్కుడుకాయ కూర. తీసేద్దామని జ్ఞానవతి చెయ్యి చాపేసరికే భీమారావు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్లు విమానాలు రిపేరు చేసి, ఇక్కడికి వచ్చాక విమానాలు ఎందుకు పాడవుతాయో కనిపెట్టే పనిలో కుదురుకున్నాడు. ఆయన బూట్లు గుమ్మం దగ్గర ఉన్నాయి. వాటి అంచులకు తడి మట్టి ఉంది. పొద్దున్నే ఈయన ఎక్కడ తిరిగి వచ్చాడు?

"భోజనం భోజనమే, రిపోర్టు రిపోర్టే చెల్లెమ్మా. ముందే చెప్తున్న."

"అలాగే అన్నయ్య గారూ. పప్పులోకి నెయ్యి వెయ్యనా?"

"ఎయ్యి. నెయ్యి రిపోర్టుల రాయను."

ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఎలియాజరు కూతురికి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. కూర గిన్నె వంక చూడటం లేదు.

"బిడ్డా," అన్నాడు భీమారావు ఏనీతో, "రౌండ్ కొట్టకపోవుడు నీ తప్పే. రేడియోల ఎవరన్న చెప్పనీ, నీ కండ్లతోని నువ్వు చూడాలె."

"ఐ నో, అంకుల్."

"అది ఒక్క ముక్క రాయక తప్పదు. కానీ అసలు సంగతి అది కాదు. జింక లోపలికెట్ల వచ్చిందన్నదే నాకు సమజైతలేదు. కంచె యాడా తెగలే. ఇగ పడమటి గేటుకేమో కొత్త గొలుసు, కొత్త తాళం. ఆదివారం పొద్దున మీరే ఏసిన్రట కదా ఎలియాజరు గారూ?"

"అవునండీ."

"ఎందుకు?"

"ఉన్నది చాలదనిపించింది."

ఏనీ తండ్రి ముఖంలోకి చూసింది. భీమారావు తల ఆడించి, కూర కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలాడు.

"మస్తుందమ్మా కూర. ఇంత లేత చిక్కుళ్లు ఈడ యాడ దొరికినయ్? మా ఇంటామె దమయంతి నెల నుంచి ఎతుకుతున్నది."

అడిగింది కూర కోసమా, కేసు కోసమా? ఆయన ముఖం చూస్తే కూర కోసమే అనిపించింది. గుమ్మం దగ్గరి బూట్లను చూస్తే ఇంకోలా అనిపించింది. పందిరికి తీగలు కట్టిన ఆకుపచ్చ గళ్ల పేలికలు ఇప్పటికీ అక్కడ ఇరవైదాకా ఉన్నాయి.

"మిల్టన్‌లో ఇండియన్ స్టోర్‌లో అన్నయ్య గారూ," అంది జ్ఞానవతి. ఎప్పటిలాగే నున్నగా, ఎక్కడా తడబడకుండా వచ్చింది.

ఎలియాజరు అన్నం కలపడం ఆపాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఏనీ ఏదో అనబోయి తల్లిని చూసి ఆగింది. భీమారావు భోంచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, బల్ల మీదే నోట్‌బుక్ తెరిచాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన అన్నయ్య గారు కాదు.

"ఎలియాజరు గారూ, ఆఖరి ప్రశ్న. ఐదూ నలభైకి మీరు చూసిన్రు, గేటు ఏసి ఉంది. మంచిది. ఆరూ ఐదుకు బిడ్డ దిగింది. ఈ నడుమ ఆ గేటు ఎవరన్న తెరిచిన్రా?"

ఎలియాజరు పళ్లెం అంచున ఉన్న మెతుకును వేలితో పక్కకు జరిపాడు.

"నాన్నా." ఏనీ ముందుకు వంగింది. "చూడలేదంటే చూడలేదని చెప్పు. అయిపోతుంది. నేనేమీ అనుకోను."

"చూశానమ్మా."

"మరి చెప్పవేం? ఆ రోజు నేను రౌండ్ వెయ్యనిది నీ మాట నమ్మి. ఇప్పుడూ నమ్ముతాను. చెప్పు చాలు."

కూతురి కట్టు మీదే ఉన్నాయి ఎలియాజరు కళ్లు.

భీమారావు కలం మూత తీశాడు. "జవాబు లేకుంటే, తనిఖీ సరిగ జరగలేదని రాసుకోవాల్సి వస్తది. తెలుసు కదా సార్, దానికి ఏమైతదో."

"రాసుకోండి," అన్నాడు ఎలియాజరు.

ఒక్క మాట. విడిగా చూస్తే అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి, చేతి వేళ్లు బల్ల అంచును వెతుక్కున్నాయి. జీవితంలో మొదటిసారి ఒక తప్పుడు మాట కాగితం మీదికి ఎక్కుతుంటే అడ్డుపడకుండా కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా జ్ఞానవతి నేర్పలేని విద్య, యాభై ఎనిమిదేళ్లప్పుడు, కూతురి ఎదుట, ఇంత కష్టపడి నేర్చుకుంటున్నాడు. అదీ సరిగా రావడం లేదు.

భీమారావు కలం కాగితానికి ఆనింది.

"అన్నయ్య గారూ, అది రాయకండి."

జ్ఞానవతి లేచి నిలబడింది. ఎలియాజరు "జ్ఞానా" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే మళ్లీ కూర్చుంటానేమో అని భయం. నడుము దగ్గర దోపుకున్న కవరు తీసి, పేలికను విప్పి, నోట్‌బుక్ పక్కన పరిచింది.

"ఈ చిక్కుళ్లు స్టోర్‌వి కావు. ఆ గేటు పక్క పందిరివి. పంపు దగ్గర కాయలు కడగడానికి ఆ గేటు తీసింది నేను. కొక్కెం వెయ్యమని ఈయన పదిసార్లు చెప్పారు. చేతులు ఖాళీ లేవని దీంతో కట్టి వచ్చేశాను. నేను కారు తీశాకే జింక బెదిరి లోపలికి పోయింది. ఈయనకు ఆ సాయంత్రమే తెలుసు. నన్ను అనడం ఇష్టంలేక నోరు కట్టుకున్నారు."

"అమ్మా?" అంది ఏనీ. ఆ ఒక్క పిలుపులో వారం రోజులూ తండ్రి మీద పెట్టుకున్నదంతా దిక్కు మార్చుకుంటోంది.

భీమారావు పేలికను ముట్టుకోలేదు. వంగి వెంట్రుకల్ని చూశాడు. ముడిని చూశాడు.

"ముడి ఊడలే కదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"ఊడదండీ. నేను వేసిన ముడి ఎప్పుడూ ఊడదు. చీరే పాతది, చిరిగి..."

అక్కడ ఆగింది. బల్లకు అటూ ఇటూ తనవాళ్లిద్దరూ తననే చూస్తున్నారు. ఎర్రబడ్డ చెవులతో ఒకరు, కట్టు కట్టిన చేత్తో ఒకరు.

"కాదు. చీర మీద పెట్టను. తప్పు నాది. అలాగే రాసుకోండి."